తాటాకులో లేని మాట

అనగనగా ఒక పెద్ద ఏరు. ఆ ఏటి నడుమ ఒక లంక. లంక నిండా పసుపు చేలు. అందుకే దానికి పసుపులంక అని పేరు. ఆ ఊళ్లో చంటిబిడ్డ మొదలు పండుముదుసలి వరకు ఎవరి అరికాళ్లు చూసినా పచ్చగానే ఉండేవట.

ఆ లంకలో, పెద్ద వరద వచ్చిన ఏడాది, నలుగురు ఆడపిల్లలు పుట్టారు. నలుగురూ ఒకే ఇసుకలో గుజ్జనగూళ్లు ఆడుకున్నారు. ఒకే మామిడికాయను నాలుగు చెక్కలు చేసుకుని తిన్నారు. పెరిగి పెద్దవాళ్లై ఆ లంకలోనే కాపురాలు పెట్టారు. రత్నాంగి లంకపెద్దకు భార్య అయింది. కనకవల్లి పడవల షావుకారును చేసుకుంది. హైమావతి వైద్యుడి ఇల్లాలైంది. నాలుగో ఆమె పోలమ్మ. ఆమె తల్లి పనినే అందిపుచ్చుకుని మంత్రసాని అయింది. లంకలో పాతికేళ్ల లోపు వాళ్లంతా ఆమె చేతుల్లోకి వచ్చి కేరుమన్నవాళ్లే.

రోజూ మధ్యాహ్నం, వంటింటి పని తెమిలాక, నలుగురూ రత్నాంగి ఇంటి అరుగు మీద చేరేవారు. గవ్వలు ఆడేవారు. ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునేవారు. ఊళ్లోవాళ్ల మంచీ చెడ్డా చెప్పుకునేవారు.

రత్నాంగి మంచిది. ఆకలితో గుమ్మం ఎక్కినవాళ్లకు అన్నం పెట్టకుండా పంపేది కాదు. కానీ తనకు తెలియనిది ఒకటుందని నలుగురిలో ఒప్పుకోవాలంటే మాత్రం ఆమెకు ప్రాణం మీదికొచ్చేది.

పెళ్లైన కొత్తలో మొగుడు ఆమెకు చదువు మొదలుపెట్టాడు. అ ఆ ఇ ఈ దాకా వచ్చేసరికి పసుపు తవ్వకాలొచ్చాయి. చదువు అక్కడే ఆగింది. కానీ ఆమె అప్పటికే స్నేహితురాళ్లతో, "మా ఆయన నాకు చదువు చెప్తున్నారు" అనేసింది. "ఎంతవరకొచ్చింది?" అని వాళ్లు అడిగితే, "అంతా వచ్చేసింది" అంది. ఇక ఏం చేస్తుంది? నాటి నుంచి రోజూ పొద్దున అరుగు మీద తాటాకుల పుస్తకం విప్పుకుని పెదవులు కదిలిస్తూ కూర్చునేది. మొగుడు చూసి మీసాల్లో నవ్వుకునేవాడు. పెళ్లాం పరువు తన పరువే కదా, ఎవరితోనూ అనేవాడు కాదు.

ఇలా ఉండగా, ఒకనాటి మధ్యాహ్నం రేవులో రాజుగారి పడవ ఆగింది. రాజభటుడు ఒకడు చరచరా నడిచొచ్చాడు.

"లంకపెద్ద గారిల్లు ఇదేనా?"

"ఇదే నాయనా. ఆయన ఎగువన గట్టుపని చూడటానికి వెళ్లారు. వచ్చేసరికి ఇంకా చాలా రోజులు పడుతుంది" అంది రత్నాంగి.

"అయితే మీరే తీసుకోండి. రాణిగారి కమ్మ. నేనింకా దిగువకు పోవాలి" అని ముద్ర వేసిన తాటాకు ఆమె చేతిలో పెట్టి, ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగి, వెళ్లిపోయాడు.

గవ్వలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముగ్గురు స్నేహితురాళ్లూ మెడలు చాచి చూస్తున్నారు.

"చదువు వదినా! ఏం రాశారు?" అంది కనకవల్లి.

రత్నాంగి ముద్ర విప్పింది. ఆకు నిండా చీమలబారులా అక్షరాలు. వాటిలో ఒక 'ఆ' కనిపించింది. మిగతావన్నీ ఎవరో ఏమిటో. 'నాకు చదువు రాదు' అంటే మూడు మాటలతో పోయేది. ఆ మూడు మాటలూ గొంతు దాటలేదు.

"రాణిగారు..." అంది. గొంతు సవరించుకుంది. "రాణిగారు మన లంకకు వస్తున్నారట."

"అమ్మమ్మమ్మ! ఎప్పుడు?"

"ఏరువాక పున్నమికి."

"ఎవరింట్లో దిగుతారట?"

"ఇంకెవరింట్లో దిగుతారే? మా ఇంట్లోనే."

ఇది మొదటి అబద్ధం. రత్నాంగి నోటి నుంచి అది ఎంత సులువుగా జారిందంటే, ఆమెకే ఆశ్చర్యం వేసింది.

కనకవల్లికి ఆ మాట మింగుడు పడలేదు. రాణి వస్తుంటే ఆ గొప్పంతా ఒక్క ఇంటికేనా? "అవునవును, నాకు ముందే తెలుసు. రాణిగారిని తేవడానికి పడవ మాదే పంపమన్నారట. మా ఆయనకు నిన్ననే కబురొచ్చింది" అంది.

హైమావతి మాత్రం తగ్గుతుందా? "మా ఆయన చేసే ఉసిరి లేహ్యమంటే రాణిగారికి ప్రాణం. దానికోసమేనమ్మా ఈ రాక! గుట్టుగా ఉంచమన్నారని నోరు మూసుకున్నాను" అంది.

రత్నాంగి తెల్లబోయి ఇద్దరినీ చూసింది. తను ఇప్పుడే పుట్టించిన అబద్ధానికి నిన్ననే కబురెలా వచ్చింది? ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది, కొంపదీసి నిజంగానే రాణిగారు వస్తున్నారేమోనని!

పోలమ్మ ఒక్కతే ఏ గొప్పా చెప్పుకోలేదు. చేతిలోని గవ్వలు కింద పెట్టి మెల్లగా అడిగింది.

"రాణిగారికి నెలలు నిండాయని అందరూ అనుకుంటున్నారు కదా రత్నం. నిండుచూలాలు పడవెక్కి ఎలా వస్తుంది?"

రత్నాంగి చెవులు ఎర్రబడ్డాయి.

"అందులో ఉన్నది నేను చెప్పాను. నమ్మకం లేకపోతే నువ్వే చదువుకో!"

"నాకు చదువు రాదు కదే" అంది పోలమ్మ. ఎండ కాస్తోందన్నంత మామూలుగా అంది. రత్నాంగి ఆ మొహం వంక చూడలేక తల తిప్పుకుంది.

సాయంత్రానికి కబురు లంకంతా పాకింది. ఏరువాక రోజులవి. పసుపు దుంప నాటాల్సిన వేళ. చేలు వదిలేసి జనం గోడలకు సున్నాలు కొట్టారు. రేవు నుంచి లంకపెద్ద ఇంటి దాకా పందిళ్లు వేశారు. షావుకారు మంచి పడవకు కొత్తగా రంగులేయించాడు. వైద్యుడు ఇంత పెద్ద బాన నిండా లేహ్యం వండించాడు. పెళ్లాం మాట కాదనలేక.

రత్నాంగికి మాత్రం అన్నం సహించడం మానేసింది. ఆ తాటాకును బియ్యం కుండలో దాచింది. ఒకరోజు ధైర్యం చేసి దాన్ని కొంగున కట్టుకుని కరణంగారింటి దాకా వెళ్లింది. చదివించుకుంటే నిజం తెలుస్తుంది. కరణంగారు అరుగు మీదే ఉన్నారు. "ఏమ్మా, ఇలా వచ్చావు?" అన్నారు. "ఏం లేదండీ, అమ్మగారి నడుంనొప్పి ఎలా ఉందో కనుక్కుందామని" అంది. కనుక్కుని, తాటాకుతోనే తిరిగొచ్చింది.

పున్నమి వచ్చింది. మేళగాళ్లు రేవులో నిలబడ్డారు. పిల్లలు పూలబుట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఎండ నెత్తికెక్కింది. ఎండ దిగింది. ఏట్లో జాలరి పడవలు తప్ప ఏమీ రాలేదు.

మర్నాటి నుంచి ఆడవాళ్లు నీళ్లబిందెలతో వచ్చి ఆరాలు మొదలుపెట్టారు.

"రాణిగారు రాలేదేం రత్నాంగమ్మా? తేదీ సరిగ్గానే చదివావా?"

ఆ ప్రశ్న ఆమె గుండెలో ముల్లులా దిగింది. పక్కన కనకవల్లి ఉంది, హైమావతి ఉంది. వాళ్ల మొహాల్లోనూ నెత్తురు లేదు. ముగ్గురికీ అబద్ధం తెలుసు. ఎవరిది వాళ్లకు మాత్రమే తెలుసు.

"ఏమో తల్లీ" అంది రత్నాంగి. "మంచి మాట చెప్పగానే పోలమ్మ అడ్డుమాట పలికింది. ఆ వేళావిశేషం ఏమిటో."

రెండో అబద్ధం ఇది. నిజానికి ఇందులో సగం నిజమే. సగం నిజం కలిసిన అబద్ధానికి కాళ్లు నాలుగు.

బావి దగ్గర ఆ మాట, "పోలమ్మది పాడునోరట, ఆమె కాదంది కనుకే రాణి ఆగిపోయిందట" అయింది.

చాకిరేవు దగ్గర, "పోలమ్మే రాణిగారికి రావద్దని కబురంపిందట" అయింది.

పడవల రేవుకు చేరేసరికి, "పోలమ్మ రాణి కడుపుకే చేతబడి చేసిందట" అయింది.

పొద్దున ఇంటి నుంచి బయల్దేరిన మాట, ఊరు తిరిగి సాయంత్రం రత్నాంగి చెవికే వచ్చింది. ఆమె దాన్ని గుర్తుపట్టలేకపోయింది.

కుమ్మరి వీధిలో ఒక కోడలికి నొప్పులొస్తే పోలమ్మ పరుగున వెళ్లింది. అత్తగారు తలుపు తీయలేదు. లోపలి నుంచే "మాకు వేరే ఆమె వస్తోందిలే" అంది. పోలమ్మ ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడింది. లోపలి పిల్ల అరుపులు వింటూ, "కాళ్లు దగ్గరికి తీసుకోకమ్మా, ఊపిరి గట్టిగా తీసుకో!" అని బయటి నుంచే కేకేసింది. ఆ తర్వాత నేరుగా రత్నాంగి ఇంటికొచ్చి, జరిగింది చెప్పింది.

"రత్నం, నువ్వేమైనా అన్నావా నా గురించి?"

ఆమె కళ్లు వాచి ఉన్నాయి. రత్నాంగికి అన్నీ చెప్పేయాలనిపించింది. కానీ లోపల తోడికోడళ్లున్నారు, వీధిలో జనమున్నారు.

"నేనా? నేనేమీ అనలేదే!"

అదే మూడో అబద్ధం. మొదటిది అరుగు మీద చెప్పింది. రెండోది ఊరి ఆడవాళ్లకు చెప్పింది. మూడోది, ఒకే మామిడికాయ పంచుకుతిన్న మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"నువ్వు అనలేదంటే అననట్టే" అంది పోలమ్మ. "నాలుగు రోజులు అవతలి ఒడ్డున మా అక్క దగ్గర ఉండొస్తాను. ఇక్కడ ఉండలేకపోతున్నాను."

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆ నమ్మకమే రత్నాంగిని నిలువునా కోసేసింది.

మర్నాడు తెల్లవారేసరికి ఏట్లో ఎర్రనీళ్లు కనిపించాయి. ఎగువన వానలు పడ్డాయన్నమాట. ఆ నీళ్లను చీల్చుకుంటూ రాజుగారి పడవ వచ్చింది. అదే భటుడు. ఈసారి మజ్జిగ అడగలేదు.

"మంత్రసాని పోలమ్మ ఎక్కడ?" అని రేవులోంచే అరిచాడు. "పున్నమి లోపల ఆమెను కోటకు పంపమని రాణిగారు రాసి పంపితే, ఇంతవరకు ఎందుకు పంపలేదు? రాణిగారికి రాత్రి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. కోటలో ముసలి మంత్రసానికి చూపు ఆనడం లేదు!"

రేవులో ఉన్న జనమంతా రత్నాంగి వైపు తిరిగారు. ఆ తాటాకులో ఉన్నది ఇదా!

కనకవల్లి ఆమె చెవిలో గుసగుసలాడింది. "వదినా, 'మేం చెప్పాం, పోలమ్మే రానంది' అని చెప్పెయ్. ఆమె ఎలాగూ ఊళ్లో లేదు. మనందరి పరువూ దక్కుతుంది."

ఎంత తేలికైన మాట! నోటిదాకా వచ్చేసింది కూడా. కానీ అదే క్షణాన రత్నాంగికి, మూసిన తలుపు బయట నిలబడి "ఊపిరి గట్టిగా తీసుకో" అని కేకేసిన మనిషి గుర్తొచ్చింది. ఇప్పుడు మళ్లీ అబద్ధమాడితే పోయేది పరువు కాదు, రెండు ప్రాణాలు.

ఆమె ఇంటికి పరుగెత్తి, బియ్యం కుండలోంచి తాటాకు తీసుకుని, రొప్పుతూ వచ్చి కరణంగారి చేతిలో పెట్టింది. ఊరందరికీ వినపడేలా అంది.

"నాకు చదువు రాదు. అ ఆ ఇ ఈ తర్వాత ఒక్క అక్షరం రాదు. రాణిగారు వస్తారని నేనే కల్పించాను. పోలమ్మ ఏ పాపం ఎరగదు. ఆమె మీద మాట మొదట అన్నదాన్ని కూడా నేనే."

ఆమెకు విచిత్రంగా అనిపించింది. ఇన్నేళ్లూ ఏ మాట అంటే చచ్చిపోతాననుకుందో ఆ మాట అనేసింది. చావలేదు. పైగా పది రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి లోపలిదాకా ఆడింది.

"మందలింపులు తర్వాత నాయనా" అంది భటుడితో. "పోలమ్మ ఎక్కడుందో నాకు తెలుసు. పడవ తిప్పు."

ఎర్రనీళ్ల సుడుల్లో పడవ ఊగుతుంటే గుంజ పట్టుకుని అవతలి ఒడ్డు చేరింది రత్నాంగి. పోలమ్మ అక్క ఇంటి పెరట్లో చిక్కుళ్లు కోస్తోంది.

"పోలీ, నీ మీద ఆ మాట పుట్టించింది నేనేనే" అని రత్నాంగి మొదలుపెట్టింది. "తాటాకులో నిన్ను పంపమని ఉంది. రాణిగారికి నొప్పులు. బిడ్డ అడ్డం..."

పోలమ్మ మొహంలో ఏదో కదిలింది. కోపమో, దుఃఖమో. చిక్కుడుకాయల చేట కింద పెట్టింది.

"నిన్ను తిట్టేది చాలా ఉంది. అది ఆగుతుంది, బిడ్డ ఆగదు. నొప్పులెప్పుడు మొదలయ్యాయి? ఉమ్మనీరు పోయిందా?"

మిట్టమధ్యాహ్నానికి కోట చేరారు. పోలమ్మ లోపలికెళుతూ, "నువ్వూ రా. వేడినీళ్లు అందించేవాళ్లు కావాలి" అంది. రత్నాంగి నీళ్లందించింది, గుడ్డలందించింది, రాణి చేతిని పట్టుకుంది. పోలమ్మ చేతులు మాత్రం తొందరపడలేదు. నూనె రాసిన అరచేతులతో, పొట్ట మీద అంగుళం అంగుళం జరుపుతూ, బిడ్డతో మాట్లాడుతూ, నచ్చచెబుతూ తిప్పింది. దీపాలు పెట్టే వేళకు కోటంతా వినిపించేలా ఒక ఆడపిల్ల ఏడ్చింది.

మూడో రోజు రాణి కాస్త తేరుకుని ఇద్దరినీ పిలిపించింది.

"ఇంత ఆలస్యం ఎందుకైంది?" అని అడిగింది.

పోలమ్మ నోరు తెరిచేలోగా రత్నాంగి ముందుకొచ్చి, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఒక్క మాట దాచలేదు. "శిక్ష వేయండి తల్లీ" అని తల వంచుకుంది.

రాణి ఒళ్లోని బిడ్డను సర్దుకుంది. "నా కష్టం గట్టెక్కింది. పోలమ్మ కష్టం గట్టెక్కలేదు. కనుక శిక్ష ఏమిటో పోలమ్మే చెప్పాలి" అంది.

పోలమ్మ ఇబ్బందిగా కొంగు సవరించుకుంది. "శిక్షలు నాకేం తెలుసు తల్లీ? నాకు తెలిసింది నా పనే. బిడ్డ అడ్డం తిరిగితే, ఎంత దూరం తిరిగిందో అంత దూరం వెనక్కి తిప్పాలి. తొందరపడితే పనికిరాదు. చెయ్యి నొప్పెట్టిందని మధ్యలో వదలకూడదు. అంతే."

రాణికి అర్థమైంది. రత్నాంగికీ అర్థమైంది.

లంకకు వచ్చిన మర్నాటి నుంచి రత్నాంగి గడప గడపా ఎక్కింది. బావి దగ్గర చెప్పింది, చాకిరేవు దగ్గర చెప్పింది, పడవల రేవులో చెప్పింది. ఒక్క పూటలో ఊరు తిరిగొచ్చిన మాటను వెనక్కి పిలవడానికి ఆమెకు నెలన్నర పట్టింది. కొందరు జాలిపడ్డారు. కొందరు మొహం మీదే నవ్వారు. గట్టుపని నుంచి వచ్చిన మొగుడు అంతా విని, "తప్పు నాదీ ఉందిలే, 'ఈ' అక్షరం దాకానే నేర్పి వదిలేశాను" అన్నాడు.

హైమావతి మొదట ముఖం చాటేసింది. వారం తర్వాత తనే వచ్చి, "రాణిగారు మా లేహ్యం ఎన్నడూ నోట పెట్టలేదే. బానెడు మిగిలిపోయింది. పిల్లలకైనా పంచనీ" అని, రత్నాంగి వెంట ఇల్లిల్లూ తిరుగుతూ లేహ్యంతోపాటు నిజమూ పంచింది. కనకవల్లికి ఇంకొంచెం ఎక్కువ రోజులు పట్టింది. ఒకనాడు పోలమ్మ గుమ్మంలో కూర్చుని, మాటేమీ రాక, వెక్కి వెక్కి ఏడ్చింది. పోలమ్మ ఆమెకు గంజి తాగించి పంపింది.

ఇక పోలమ్మ? ముందు అనుకున్నట్టే రత్నాంగిని కడుపునిండా తిట్టింది. పూటంతా తిట్టింది. తిట్టి తిట్టి అలసిపోయాక, "ఇంకా ఎన్నిళ్లు మిగిలాయే?" అని అడిగింది.

"జాలరిపేటలో మూడు. మిరియమ్మవ్వ ఇల్లొకటి."

"పద, నేనూ వస్తాను. నువ్వొక్కదానివే తిట్లు తింటుంటే చూడలేకపోతున్నాను."

ఆఖరి ఇల్లు మిరియమ్మవ్వది. తొంభై ఏళ్ల మనిషి. రత్నాంగి చెప్పిందంతా శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపింది.

"మీరిద్దరూ రాజీ పడితే పడ్డారేమో కానీ, నేను విన్నది విన్నదే. ఈ పోలమ్మ చేతబడి చేసింది" అంది. పోలమ్మ ఎదురుగానే ఉంది.

రత్నాంగి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అవ్వ వినలేదు. మరునాడు వెళ్లి చెప్పింది. అవ్వ వినలేదు. అవ్వ బతికున్నన్నాళ్లూ ప్రతి పున్నమికీ వెళ్లి చెబుతూనే ఉంది. ఆ ఒక్క ఇంట్లోంచి మాత్రం ఆ మాటను వెనక్కి తేలేకపోయింది. అది ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. పోలమ్మే, "పోనీలేవే, ఒక్క గడపేగా" అని ఓదార్చేది.

కనుక పిల్లలూ, తెలియనిది తెలియదంటే పోయే పరువు పూటలో తిరిగొస్తుంది. పరువు కోసం ఆడిన అబద్ధం మాత్రం ఎంత తిరిగి పిలిచినా మొత్తంగా వెనక్కి రాదు.